లాంగ్‌స్టన్ హార్బర్ ఒడ్డున దారి చూపిన పెద్దాయనకు

ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ పక్కన, ట్రైలర్ మీదున్న మా 18 అడుగుల తెరచాప పడవ దగ్గర ఆగి పలకరించారు మీరు. పేరైనా అడగలేదు నేను. మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, అద్దె భరించలేక దాన్ని అమ్మేద్దామనుకుంటున్న రోజులవి. మీరు వంగి చూసి, "దీనికి అడుగున రెక్కల్లాంటి రెండు కీల్‌లున్నాయి, నీళ్లు తీసినా బురద మీద నిటారుగా కూర్చుంటుంది, పడవ కట్టుకోడానికి అలా నీళ్లు తీసే చోటే అడగండి, చవక" అన్నారు. అమావాస్యకీ పున్నమికీ అక్కడ పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టంలో తేడా నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. మీరు చెప్పిన అలాంటి చోట నుంచి పోటు ఉన్న కొన్ని గంటలే బయటికి వెళ్లగలం. చాలు మాకు.

పడవను కట్టే గొలుసు, దాన్ని పిన్నుతో బిగించే ఇనుప కడియం (షాకిల్) ఏటా తీసి చూసుకోమని మరీ మరీ చెప్పారే, ఆ మాట ఇంకా గొప్పది. మొన్న చూస్తే పిన్ను సగం అరిగిపోయింది! వెంటనే మార్చాం. పడవ దక్కింది. మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు. పోటు వేళకు ఒకసారి రండి, మిమ్మల్ని ఎక్కించుకుని తిప్పాలని పిల్లల కోరిక.