రాగిరేకుల మీది లిపి నందినాగరి

సంపాదక మహాశయులకు,

రాగిరేకుల గురించి మీ పత్రికలో వార్త వచ్చి పది రోజులైంది. తెలిసిన పెద్దలెవరైనా సవరిస్తారేమోనని ఆగి, ఎవరూ పూనుకోకపోవడంతో నేనే రాస్తున్నాను. 'అంతుచిక్కని లిపి' అనీ, 'నిధి జాడలున్నట్టు అనుమానం' అనీ రాసిన మీ విలేకరి, రేకులను స్వాధీనం చేసుకున్న అధికారి 'హిందీలాగా ఉంది' అన్న మాటను కూడా యథాతథంగా అచ్చువేశారు. అది విజయనగర రాజులు తమ సంస్కృత దానశాసనాలను చెక్కించిన నందినాగరి లిపి. హిందీ రాసే దేవనాగరిలో పదమంతటినీ పైన ఒకే గీత కలుపుతుంది. నందినాగరిలో ఏ అక్షరం నెత్తిగీత దానిదే.

సాక్ష్యం మీ ఫొటోలోనే ఉంది. దాన్ని తలకిందులుగా వేశారు కనుక పత్రికను తిప్పి పట్టుకుని భూతద్దంతో చూశాను. చివరి రేకు అడుగున, మిగతా వాటికన్నా పెద్ద అక్షరాలతో, కన్నడ లిపిలో 'శ్రీ విరూపాక్ష' అన్న రాజుగారి చేవ్రాలు ఉంది. తెలుగు చదవగలిగిన వారెవరైనా కూడబలుక్కుని చదవవచ్చు. రేకులను గుదిగుచ్చిన కడియం మీది ముద్రలో వరాహమూ సూర్యచంద్రులూ కనిపిస్తూనే ఉన్నాయి. ఇలాంటి శాసనాల్లో ఉండేవి రాజు వంశావళి, దానం పుచ్చుకున్నవారి గోత్రం, తిథి, గ్రామపు ఎల్లలు. లంకెబిందెల దారి ఎవరూ రాగిరేకుల మీద చెక్కించలేదు.

అయినా మీ విలేకరి ఒక్కరినే అని ఏం లాభం? నేను చూసిన ఒక మ్యూజియంలో ఇలాంటి రేకుల కింద 'దేవనాగరి' అని చీటీ అంటించి ఉంటే, రెండేళ్ల క్రితం అర్జీ పెట్టాను. చీటీ రంగు వెలిసింది, మాట మాత్రం మారలేదు. ఉడుపి మాధ్వ మఠాల్లో ఈ లిపి తాళపత్రాలు నేటికీ ఉన్నాయి. కంప్యూటర్లలో ప్రపంచ లిపులకు సంకేతాలు కేటాయించే యూనికోడ్ సైతం 2019లో దీనికి చోటిచ్చింది. మైసూరులో కేంద్ర పురావస్తు శాఖ వారి శాసన విభాగం ఉంది. నకలు తీసి పంపితే చదవగలవారు అక్కడ ఉన్నారు. మన అధికారులు అది మానేసి రేకులను చింతపండుతో తోమించి, గోనెసంచిలో చుట్టి బీరువాలో పెట్టించారని, అదేదో ఘనకార్యమైనట్టు మీ వార్తలోనే ఉంది.

ఇలాంటి శాసనాల చివర తరచుగా 'దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోఽనుపాలనం' అన్న శ్లోకం ఉంటుంది. ఇవ్వడం కన్నా, ఇచ్చినదాన్ని కాపాడటం మేలని దాని అర్థం. బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో వారికి ఈ అర్థం ఎవరైనా చెబితే బాగుండును. మీరు మాత్రం ఫొటోను తిన్నగా వేసి, లిపి పేరు సవరించి మళ్లీ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు