నాటకానికి వెళ్లేముందు

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. నీ ఉత్తరం అందింది. వచ్చే నెల వార్సాలోని యూదు నాటకశాలలో స్నేహితులతో కలిసి 'దిబ్బుక్' చూడబోతున్నావనీ, భాష రాకుండా నాటకం అర్థమవుతుందా, ముందుగా ఏమైనా చదువుకోవాలా అనీ అడిగావు. ఆ నగరంలో ఎక్కడ చూసినా యూదుల చావును గుర్తుచేసే రాళ్లే కనిపిస్తున్నాయి గాని వాళ్లు బతికిన తీరు మాత్రం తెలియడం లేదని చివర్లో ఒక మాట రాశావు. ఆ మాట రెండు రోజులుగా నా మనసులో తిరుగుతూనే ఉంది. అందుకే ఈ జవాబు కాస్త పెద్దదైంది.

నువ్వు వినబోయే భాష యిడ్డిష్. హీబ్రూ అక్షరాలతో కుడి నుంచి ఎడమకు రాస్తారు. దాని పునాది మధ్యయుగాల జర్మన్. పూజకూ శాస్త్రానికీ సంబంధించిన మాటలు హీబ్రూ నుంచి, ఇరుగుపొరుగుతో మెలగడం వల్ల వచ్చిన మాటలు పోలిష్, ఉక్రేనియన్ వంటి భాషల నుంచి వచ్చి చేరాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు దాదాపు కోటి పది లక్షల మంది ఈ భాష మాట్లాడేవారు. అయినా చదువుకున్న యూదుల్లోనే చాలామంది అది చెడిపోయిన జర్మన్ అని చిన్నచూపు చూశారు. 1876లో రొమేనియాలోని యాష్ పట్టణంలో, ఒక తోటలో, అవ్రోమ్ గోల్డ్‌ఫాడెన్ పాటలనూ మాటలనూ కలిపి కట్టిన ప్రదర్శనతో యిడ్డిష్ వృత్తి నాటకరంగం మొదలైందని చెబుతారు. ఏడేళ్లు తిరగకుండానే రష్యా సామ్రాజ్యంలో దాన్ని నిషేధించారు.

నువ్వు చూడబోయే నాటకం రాసిన అన్‌స్కీ 1863లో విటెబ్స్క్ ప్రాంతంలో పుట్టాడు. యవ్వనంలో ఇంటి ఆచారాలను వదిలేసి, రష్యన్ గని కార్మికుల మధ్య బతికి, విప్లవ రాజకీయాల్లో తిరిగి, నడివయసులో మళ్లీ తన వాళ్ల పాటల దగ్గరకు వచ్చిన మనిషి. 1912 నుంచి 1914 వరకు ఆయన కొందరు సహచరులతో కలిసి నేటి ఉక్రెయిన్‌లోని వొలీనియా, పొడోలియా ప్రాంతాల్లో దాదాపు డెబ్బై ఊళ్లు తిరిగాడు. ముసలివాళ్ల దగ్గర కూర్చుని కథలు రాసుకున్నాడు, మైనపు గొట్టాల మీద పాటలు నమోదు చేయించాడు. యువకుడైన చిత్రకారుడు సోలమన్ యుడోవిన్ ఫొటోలు తీశాడు. ఊళ్లలో అడగడానికి ఆయన తయారుచేయించిన ప్రశ్నావళిలో ఎన్ని ప్రశ్నలున్నాయో తెలుసా? 2,087. బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పటి నమ్మకాలతో మొదలై, మనిషి చనిపోయాక ఆత్మ ఎక్కడికి పోతుందనే దాకా సాగుతాయి. మనిషి బతుకంతా ఒక సమాజం ఎలా ఊహించుకుందో ఇంత ఓపికగా అడిగినవాళ్లు చాలా అరుదు. 1914లో యుద్ధం వచ్చి ఆ ప్రయాణాలు ఆగిపోయాయి.

ఇది చదివినప్పుడల్లా మీ నాయనమ్మ గుర్తొస్తుంది. వడ్లు దంచుతూ ఆమె పాడిన పాటల్లో ఒక్కటైనా నేను రాసి పెట్టుకోలేదు. కాలేజీలో సాహిత్యం బోధిస్తూనే, అడగడానికి ఇంకా సమయం ఉందనుకున్నాను.

ఆ ఊళ్లలో విన్నవాటిలోంచే 'దిబ్బుక్' పుట్టింది. 1648లో యూదుల మీద జరిగిన ఊచకోతలో పెళ్లి పందిరి కిందే చంపబడిన వధూవరుల సమాధి మా ఊళ్లో ఉందని ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఆయనకు చెప్పారు. ఆ సమాధి నాటకంలో వేదిక మీద కనిపిస్తుంది. కథ నీకు సులువుగానే పట్టుబడుతుంది. ఇద్దరు మిత్రులు తమకు పుట్టబోయే పిల్లలకు పెళ్లి చేద్దామని మాట ఇచ్చుకుంటారు. ఒకాయన చనిపోతాడు, రెండో ఆయన ధనవంతుడై కూతురు లెయాకు కలవారి సంబంధం చూస్తాడు. ఆమెను ప్రేమించిన పేద విద్యార్థి ఖొనెన్, ఆ చనిపోయిన మిత్రుడి కొడుకే, మార్మిక విద్యలు సాధన చేస్తూ ప్రాణం విడుస్తాడు. పెళ్లినాడు అతని ఆత్మ ఆమెలో చేరి అతని గొంతుతో మాట్లాడుతుంది. మన పల్లెల్లో గాలి సోకడం అంటామే, అలాంటిదే ఈ దిబ్బుక్. అయితే నన్ను పట్టి ఉంచేది ఆ భయం కాదు, ఆ తర్వాత జరిగే విచారణ. చనిపోయిన మిత్రుడు బతికున్న మిత్రుడి మీద మతపెద్దల ముందు వ్యాజ్యం వేస్తాడు. ఒక తెర కట్టి, దాని వెనుక మృతుడికి చోటిచ్చి, ఇరుపక్షాల వాదనలూ వింటారు. మాట తప్పినవాడు తన ఆస్తిలో సగం పేదలకు పంచాలని తీర్పు చెబుతారు. చచ్చిపోయినవాడికి కూడా న్యాయం అడిగే హక్కు ఉందని నమ్మిన సమాజమే ఇలాంటి ఘట్టం ఊహించగలదు. ఆ తెర కనిపించినప్పుడు భాష రాలేదని దిగులుపడకుండా గొంతులు విను.

చీకట్లో వినిపించే మొదటి పాట మీద కూడా మనసు పెట్టు. ఆత్మ అంత ఎత్తు నుంచి ఇంత లోతుకు ఎందుకు పడిపోయిందని అడిగే పాట అది. నాటకం ముగిసేటప్పుడు మళ్లీ వస్తుంది. ఇవి హసీదులనే యూదు భక్తిశాఖవారి గానం నీడలో పుట్టిన బాణీలు. మాటలే లేకుండా సాగే వాళ్ల 'నిగున్' వింటే నీకు మన ఆలాపన తప్పక గుర్తొస్తుంది.

ఈ నాటకాన్ని యిడ్డిష్ వేదిక మీద చూడటం అన్‌స్కీకి దక్కలేదు. ఆయన 1920 నవంబర్ 8న వార్సా సమీపంలోని ఒట్వొట్స్క్‌లో కన్నుమూశాడు. ముప్పై రోజుల మైల పూర్తయ్యాక, డిసెంబర్ 9న, విల్నా నాటక బృందం డోవిడ్ హెర్మన్ దర్శకత్వంలో వార్సాలో దాన్ని తొలిసారి ప్రదర్శించింది. నివాళిగా మొదలుపెట్టిన ఆ ప్రదర్శన యిడ్డిష్ నాటకాలన్నిటిలోకీ ప్రఖ్యాతమైంది. 1922లో మాస్కోలో హబీమా బృందం వఖ్తాంగోవ్ దర్శకత్వంలో దాన్నే హీబ్రూలో ఆడింది.

ఆ తర్వాతి రెండు దశాబ్దాలు ఎలా ముగిశాయో ఆ వీధుల్లోని రాళ్లు నీకు చెప్పే ఉంటాయి. యుద్ధానికి ముందు వార్సా జనాభాలో మూడో వంతుకు దగ్గరగా, సుమారు మూడున్నర లక్షల మంది యూదులు ఉండేవారు. యుద్ధం తర్వాత మిగిలిన కొద్దిమంది నటులతో, 1950లో, ఇడా కామిన్స్కా నేతృత్వంలో నువ్వు వెళ్లబోయే నాటకశాల ఏర్పడింది. 1968లో ప్రభుత్వమే యూదుల మీద ప్రచారం లేవదీసినప్పుడు ఆమె కూడా దేశం విడిచి వెళ్లింది. నాటకశాల మాత్రం నిలిచింది. ఇప్పుడు అక్కడి నటుల్లో చాలామంది యూదులు కారు. యిడ్డిష్ నేర్చుకుని పాత్ర వేస్తారు. అది ప్రాణం లేని అనుకరణ అనేవాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, ఎందుకంటే ఒక సామెతలోని చమత్కారానికి వెంటనే నవ్వే ప్రేక్షకులు లేనిచోట నటుడు ఒంటరివాడే. అయినా ఒక పోలిష్ యువతి లెయా మాటలను యిడ్డిష్‌లో నోటికి నేర్చుకోవడాన్ని నేను తక్కువ చేయలేను. అన్‌స్కీ యాత్రలో నమోదైన మైనపు గొట్టాలు కూడా పోలేదు. కీవ్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఆ సేకరణను 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చారు.

నాటకానికి ముందు ఒక పగలు ఒకోపోవా వీధిలోని యూదు శ్మశానానికి వెళ్లు. శనివారం మూసి ఉంటుంది, చూసుకో. అక్కడ రచయిత పెరెట్స్ పక్కనే అన్‌స్కీని ఖననం చేశారు. వాళ్ల ఆచారం ప్రకారం పువ్వులు కాదు, చిన్న రాయి పెట్టాలి. నా తరఫున కూడా ఒకటి పెట్టు. తిరిగి వచ్చాక ఆ మొదటి పాట ఎలా ఉందో వివరంగా రాయి. బాణీ గుర్తుంటే ఫోన్‌లో పాడి పంపు, అమ్మకు కూడా వినిపిస్తాను.

చలికి జాగ్రత్త.

ఇట్లు,
నాన్న