చార్మినార్ పక్క మెషిన్, మన దిక్కు బొగ్గు

అరేయ్ శీనుగా,

ఎట్లున్నవ్ రా? హైదరాబాద్ డేటా సెంటర్ల ఉద్యోగం వచ్చిందని, సర్వర్లను చల్లబెట్టే చిల్లర్ మెషిన్ల దగ్గర డ్యూటీ అని మీ అమ్మ చెప్తే మస్తు సంబురమైంది. అప్పటి సంది ఆ మెషిన్లు తినే కరెంటు, దాని పొగ సంగతే నా బుర్రల తిరుగుతుంది.

మొన్న బాపు కరెంటు బిల్లు నాతోని ఫోన్ల కట్టించిండు. యాదికున్నదా, చిన్నప్పుడు మనిద్దరిని స్కూటర్ మీద కూసోబెట్టుకొని నక్కలగుట్టకు తోల్కపోయెటోడు, లైన్ల గంట నిలబడెటోళ్లం. 2016ల యూపీఐ వచ్చినంక అసొంటి తిరుగుడు, పెట్రోల్ చానా తగ్గింది, అది మంచే, నేను కాదంటలేను. గని మిగిలింది మిగిలినట్టు ఉంచినమా? మా సుబేదారి గల్లీల రాత్రి పదకొండుకు గూడ డెలివరీ బండ్లు తిరుగుతనే ఉంటయి. నిన్న వదిన ఒక్క కొత్తిమీర కట్ట తెప్పిచ్చింది, ఇంతకుముందు వారానికోసారి మార్కెట్ల సంచి నింపుకొచ్చెటోళ్లం, ఇప్పుడు గుర్తొచ్చిన కాడికి ఒక్కోటి ఒక్కో బండి మీద వస్తుంది. అల్కగ దొరికితే మనం ఎక్కువ వాడుతం రా, అదే అసలు సంగతి.

బండ్లయితే కంటికి కనవడ్తయి. ఈ ఫోన్ బిల్లులు, ఆర్డర్లు అన్నీ నడిపే సర్వర్ల సంగతే కనవడది. ప్రపంచంల డేటా సెంటర్లన్నీ కలిసి 2024ల సుమారు 41,500 కోట్ల యూనిట్లు వాడినయని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క, అంటే మొత్తం కరెంటుల 1.5 శాతం, ఏఐ వచ్చింది గాబట్టి 2030 కల్లా 94,500 కోట్ల దాకా పోతదని అంచనా.

పోయిన ఆదివారం కాజీపేటల బండి కోసం నిలబడితే బొగ్గు గూడ్స్ పోయింది, డబ్బాలు లెక్కపెట్టుకుంట నిన్నే తలుచుకున్న. రామగుండం ఎన్టీపీసీ పాత ప్లాంటు 2,600 మెగావాట్లు, భూపాలపల్లి కాడ చెల్పూరుది 1,100, రెండూ బొగ్గే. బొగ్గు కరెంటు ఒక్క యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తది. గ్రిడ్ల అంతా కలిసిపోతది, ఏ ప్లాంటు కరెంటు మీ బిల్డింగ్‌కు వచ్చిందో ఎవలు చెప్పలేరు, అది నాకు తెలుసు. అయినా చానా లెక్కలల్ల పొగను గొట్టం ఉన్న ఊరి మీదనే రాస్తరు, మెషిన్ ఉన్న సిటీ మాత్రం సాఫ్‌గ కనవడ్తది. ఇది న్యాయం కాదని నాకు గట్టిగ అనిపిస్తది రా. సిటీ ఎంత కరెంటు తాగుతుందో ఆ కార్బన్ సిటీ ఖాతాలనే రాయాలె.

రామగుండం రిజర్వాయర్ నీళ్ల మీద 2022ల 100 మెగావాట్ల సోలార్ పెట్టిండ్రు, మంచి పని, గని మీ సర్వర్లు రాత్రి గూడ నడవాలె గదా, పొద్దుగూకినంక మళ్ల ఎక్కువ బొగ్గే.

నువ్వు లోపలోనివి గాబట్టి అడుగుతున్న. మీ దగ్గర పీయూఈ ఎంత వస్తుంది? అంటే, సర్వర్‌కు ఒక యూనిట్ ఇస్తే బిల్డింగ్ మొత్తం ఎన్ని తింటది? ఎండకాలం ఎంత, చలికాలం ఎంత, రాత్రి ఎంత, చెప్పొచ్చేటివైతే జర రాసి పెట్టు. బతుకమ్మకు వస్తవ్ గదా, అప్పుడు తీసుకరా, పద్మాక్షి గుట్ట కాడ కూసొని మాట్లాడుకుందాం. అమ్మ నీ కోసం సకినాలు చేస్త అంటుంది.

నీ
రాజు
హన్మకొండ