చింటూకి ట్యూషన్ ఎందుకే?

శారదా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. నాలుగేళ్ల పిల్లాడికి చేతిరాత ట్యూషనా? క్లాసులో కుదురుగా కూర్చోడని టీచరు అన్నంత మాత్రాన అంత బెంబేలెత్తిపోవాలా? కుదురుగా కూర్చోవడానికీ ఒంట్లో బలం కావాలే! నడుము, వెన్ను కండరాలు ఇంకా గట్టిపడని పిల్లలు బల్ల మీదకు వాలిపోతారు, కాళ్లు మెలివేస్తారు. దానికి మనం అల్లరని పేరు పెడతాం.

రాతా అంతే. భుజం నిలకడగా ఉంటే మణికట్టు, వేళ్లు చెప్పినట్టు వినడం తేలిక. అందుకే మా ఎల్‌కేజీ పిల్లలకు పెన్సిల్ కంటే ముందు పాకడం, కడ్డీ పట్టుకుని వేలాడటం, తడి ఇసుక తవ్వడం. నువ్వు విశాఖ వస్తే సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్దాం. నీళ్ల జోలికి మాత్రం పోనివ్వకు, అక్కడి అలలను నమ్మలేం. ఒడ్డున తవ్వుకుంటే చాలు.

మొన్న మా ఎంవీపీ కాలనీ వీధిలో పక్కింటి పాప తొక్కుడుబిళ్ల ఆడుతుంటే నిలబడిపోయాను. ఒంటికాలి మీద గెంతుతూ, బిళ్ల ఉన్న గడి వదిలేసి, తిరుగు దారిలో వంగి దాన్ని తీసింది. ఎత్తిన కాలు నేలకు తగలలేదు! ఏ గడి దాటాలో గుర్తుంచుకోవాలి, గీత తొక్కకూడదు, తన వంతు వచ్చేదాకా ఆగాలి. బడిలో మేము అడిగేదీ ఇదే కదా! ఒప్పులకుప్ప తిరిగితే చెవి లోపలి సమతౌల్య వ్యవస్థకు పని. తల కదిలినా చూపు చెదరకుండా చూసేది అదే.

పరుగెత్తితే అక్షరాలు వాటంతటవే వచ్చేస్తాయని అనడం లేదు. కథలు చెప్పాలి, కబుర్లాడాలి. కానీ మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేంత ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోను, టీవీ గంటకు మించకూడదట. 2020 జాతీయ విద్యా విధానమూ ఎనిమిదేళ్ల లోపు చదువు ఆటలు, కృత్యాలతో సాగాలంటుంది. అయినా హోంవర్క్ లేదేమని అడిగే తల్లిదండ్రులకు జవాబు చెప్పలేక నా గొంతు పోతోంది. ఆ జాబితాలో నువ్వూ చేరకు తల్లీ.

ట్యూషన్ ఫీజు ఇంకా కట్టకపోతే ఆపెయ్. ఉగాదికి వస్తానన్నావుగా, వాడికి పట్టు లాల్చీ ఒకటి చాలు. పాత నిక్కర్లు మాత్రం నాలుగైదు సర్దు.

నీ
వసంత