దేవమాలి మీద గుడారాల బస ఎందుకు ఆపేశామంటే

ఏటా చలికాలంలో మాతో కొండెక్కే మీ అందరికీ నమస్కారం. ఈ సీజన్‌లో ఒడిశాలోని దేవమాలి శిఖరం మీద రాత్రి గుడారాల్లో బస ఉండదు. అడ్వాన్సు కట్టినవారికి పైసా తగ్గకుండా వెనక్కి వేస్తున్నాం. చాలామందికి ఇప్పటికే చేరింది. బ్యాంకు వివరాలు పంపనివారు పంపితే చాలు.

వ్యాపారపరంగా చెప్పాల్సింది ఇంతే. అయితే జయపురంలో మా దుకాణానికి వచ్చేవారు, బరంపురం నుంచీ విజయనగరం నుంచీ ఫోన్లు చేసేవారు తలా ఒక కథ విని అడుగుతున్నారు. శిఖరం మీద పిడుగు పడిందని ఒకరు, అధికారులు మమ్మల్ని దించేశారని మరొకరు. పిడుగూ పడలేదు, ఎవరూ దించలేదు. ఆపింది నేనే. ఎందుకు ఆపానో ఇంకెవరి నోటో వినడం కంటే నా దగ్గర వినడం మేలు.

గుడారాల సంగతి కాస్త వివరంగా చెబుతాను, విసుక్కోకండి. పాతవి చిరుగులు పట్టాయని ఈ ఏడాది మొత్తం కొత్తవి తెప్పించాం. గుడారం బట్ట మీద 3000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది. ఆ బట్ట మీద మూడు మీటర్ల ఎత్తున నీళ్లు నిలబెట్టినా లోపలికి దిగవని దాని అర్థం. బట్ట మటుకు అది నిజమే కావచ్చు. కానీ వాన బట్టలోంచి రాదు, కుట్లలోంచి వస్తుంది. సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రమే కదా. అందుకని లోపలివైపు కుట్టు పొడుగునా సన్నని పట్టీని వేడిచేసి అతికిస్తారు. గుడారం ప్రాణమంతా ఆ పట్టీలోనే ఉంటుంది.

శాంపిలుగా పంపిన గుడారంలో ఆ పట్టీ గోరుతో గీకినా కదల్లేదు. మా డాబా మీద వేసి, లోపల పాత న్యూస్‌పేపర్లు పరిచి, పైపుతో గంటల తరబడి నీళ్లు కొట్టించాను. కాగితం మడత కూడా తడవలేదు. అప్పుడే డబ్బు పంపాను. సరుకు దిగిన రోజు మూటల పైవరసలోంచి రెండు తీసి అదే పరీక్ష మళ్లీ పెట్టాను. అవీ నిలిచాయి. అడుగు వరసలో ఉన్నవి వేరే సరుకని బయటి నుంచి కనిపెట్టే దారి లేదు. అదే రంగు, అదే సంచి, సంచి మీద అదే ముద్ర.

ఇక ఆ గుడారాలు శిఖరం మీద వేసిన రాత్రి. తుపాను కాదు, వాయుగుండం కూడా కాదు, బంగాళాఖాతంలో ఒక మామూలు అల్పపీడనం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన సంగతి తెలిసిన మాకు దీన్ని చూసి భయపడాలని కూడా అనిపించదు. సాలూరు మీదుగా సుంకి ఘాటీ ఎక్కి వచ్చిన కుటుంబాలు, రాయగడ కుర్రాళ్లు, రిటైరైన ఒక లెక్కల మాస్టారు కలిసి ఆ రోజు మంచి బృందమే కుదిరింది. సాయంత్రం వరకు ఎండ కాసింది. కింద వాలులన్నీ వలిసె పూలతో పసుపుపచ్చగా ఉన్నాయి. ఫొటోలు తీసుకున్నారు, తిన్నారు, పడుకున్నారు. అర్ధరాత్రికి ముందు గాలి తిరిగింది.

మొదట పిలిచింది మాస్టారే. టార్చి వేసి చూస్తే పైకప్పు కుట్టు వెంబడి, సూది రంధ్రానికి ఒకటి చొప్పున, నీటి బొట్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒకటి జారగానే ఆ చోట ఇంకొకటి. వేలు పెట్టాను. పట్టీ మొత్తం అరటిపండు తొక్కలా ఊడి చేతిలోకి వచ్చింది. ఇంతలో పక్క గుడారంలో ఊచ విరిగింది. ఫైబర్‌గ్లాస్ ఊచ విరిగితే కొన ముళ్లుముళ్లుగా చీలిపోతుంది. ఆ కొన పైబట్టను చీల్చుకుని బయటికొచ్చింది. శాంపిలులో ఊచల కీళ్ల దగ్గర దళసరి లోహపు గొట్టం ఉంది. వీటిలో ఉన్నది చేత్తో నొక్కితే సొట్టపడే రేకు.

చలి గురించి మా దగ్గర ఎప్పుడూ తేలికగా మాట్లాడం, మీకు తెలుసు. దేవమాలి ఎత్తు 1672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. జయపురానికీ దానికీ ఇంచుమించు వెయ్యి మీటర్ల తేడా. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైచిలుకు చల్లబడుతుంది. దానికి గాలి, తడిబట్టలు, ఇద్దరు చిన్నపిల్లలు తోడు. తెల్లవారేదాకా ఆగుదామని కొందరన్నారు. నేను వినలేదు. జీపుల్లోకి ఎక్కించాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే డ్రైవరుకు రోడ్డు అంచు కనిపించలేదు. మా కుర్రాడు టార్చి పట్టుకుని ముందు నడిచాడు, వాడి వెనక మొదటి గేరులో జీపులు. కింద సిమిలిగుడ పట్టణం దాకా అలా పోవడం కుదరదని, వాలు మీద దీపం కనిపించిన మొదటి ఊళ్లో ఆపాం.

ఇప్పుడు ఆ గుడారాలు అమ్మిన వ్యాపారి విషయం. మర్నాడు ఫోన్ చేస్తే, గాలి ఎక్కువైతే నేనేం చేస్తాను అన్నాడు. ఆ తర్వాత, అవి కొండ మీద వేసేవి కావు, తోటలో సరదాగా వేసుకునేవి అన్నాడు. ఏ కొండ మీద, ఎంత ఎత్తున, ఏ నెలల్లో వేస్తామో ఆర్డరులోనే రాశాను, ఆ కాగితం నా దగ్గరే ఉంది. అది చూపిస్తే మాట మార్చి, వచ్చే ఆర్డరులో ధర తగ్గిస్తానన్నాడు. వచ్చే ఆర్డరు! చివరికి సగం డబ్బు తిరిగి ఇస్తాను, సరుకు బాగుందని ఒక్క మాట రాసివ్వండి అన్నాడు. ఆ సగం నాకు ఎంత అవసరమో మా ఇంట్లో అందరికీ తెలుసు. రాసివ్వలేదు. ఆ మూటలు ఇప్పటికీ మా గోదాములో సగం చోటు ఆక్రమించుకుని ఉన్నాయి. లారీ పంపి ఎత్తుకుపొమ్మన్నాను, అతను పంపడు. పక్క నిర్వాహకులు ఒకరిద్దరు తమ గుడారాలు అద్దెకిస్తామన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ నేను తడిపి చూడని గుడారంలో నా అతిథిని పడుకోబెట్టను. అహంకారం అనుకున్నా సరే.

ఇంతవరకు కోపం. ఇక ముందు చెప్పేది కోపం కాదు, నిద్రపట్టనివ్వని విషయం.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే వచ్చే ఆదివారానికే అక్కడ కార్లు ఆగుతాయి. పరజా గిరిజనుల ఊరు. వాళ్లు మాట్లాడే దేశియా భాష మా కుర్రాడికి వచ్చు, అతిథుల్లో ఎవరికీ రాదు. అయినా తలుపులు తెరుచుకున్నాయి. బడి వరండాలో కొందరు, రెండు ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు. వేడివేడి రాగి అంబలి పోశారు. మంట వేశారు. రాత్రంతా ఎవరో ఒకరు లేచి మంట చూస్తూనే ఉన్నారు. తెల్లవారాక మాస్టారు పిల్లలకు వేళ్ల మీద తొమ్మిదో ఎక్కం చూపిస్తుంటే ఊరంతా చేరింది.

తర్వాత మీరంతా రాసిన మాటలు చదివాను. గుడారాలు కారినా ఆ రాత్రి జీవితంలో మరచిపోలేం అని దాదాపు అందరూ రాశారు. ఏళ్ల తరబడి చూసి చూసి నేను ఎంచుకున్న సూర్యోదయం చోటు గురించి ఒక్కరూ రాయలేదు. కలాజీరా అనే సువాసన బియ్యంతో వండించిన అన్నం గురించీ లేదు. నక్షత్రాలు చూడ్డానికని అప్పు చేసి కొన్న దూరదర్శిని ఊసే లేదు. యజమాని చిరాకుగా ఉన్నాడని మాత్రం ఒక కుర్రాడు రాశాడు. ఉన్నాను నాయనా. వానలో నిన్ను కిందికి దించుతూ నవ్వడం నాకు రాలేదు.

ఆ వెంటనే ఫోన్లు మొదలయ్యాయి. గుడారాలు వద్దు, ఆ ఊళ్లో ఒక రాత్రి పెట్టండి, ఎంతైనా ఇస్తాం అని. మామూలు బస కంటే ఎక్కువ ఇస్తామన్నవారూ ఉన్నారు. గుడారాలతో పోయినదంతా ఒక్క సీజన్‌లో రాబట్టుకోవచ్చు.

వారాల తరబడి దీని మీదే మా ఇంట్లో మాట. మా ఆవిడ పెట్టమంటుంది. ఆమె వాదన గట్టిది. ఆ ఊరి ఆడవాళ్లు అల్లం బుట్టలు నెత్తిన పెట్టుకుని సంతకు నడిచివచ్చి, సాయంత్రానికి దళారి చెప్పిన ధరకు ఇచ్చేసి పోతారు. ఒక రాత్రి బసకు అతిథి ఇచ్చే డబ్బులో సగం వాళ్లకు అందినా ఎన్ని బుట్టల అల్లంతో సమానమో లెక్క కట్టి చూపించింది. ఆ లెక్కకు నా దగ్గర ఈ రోజుకీ జవాబు లేదు.

కానీ నేను అతిథులకు కనిపించనిది ఒకటి చూశాను. బడి పక్కన గోడ పొడుగునా, నడుము ఎత్తున, ఎండబెట్టి పేర్చిన కట్టెల దొంతర ఉండేది. చలికాలానికని వానలకు ముందే కొట్టి దాచుకున్నవి. తెల్లవారేసరికి గోడ కనిపిస్తోంది. మన బట్టలు ఆరడానికి కాలింది ఆ కట్టెలే. ఆ ఇంటి పిల్లలను రాత్రి పక్కింటికి పంపి మనవాళ్లకు చోటిచ్చారు. ఆ వారంలోనే సిమిలిగుడ నుంచి ట్రాక్టరు కట్టెలు, బియ్యం పంపాను. ఊరి పెద్ద నాయక్ తీసుకున్నాడు, ఎందుకు పంపావని కాస్త కోప్పడ్డాడు కూడా. ఆపదలో వచ్చిన వాళ్ల కోసం ఒక్క రాత్రి అలా చేశారు. అదే ప్రతి శనివారం టిక్కెట్టు మీద జరిగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒనుకుడెల్లి గురువారం సంతలో బోండా గిరిజన ఆడవాళ్ల ముఖాల మీదికి కెమెరాలు పెట్టిన రోజులు మన వైపు అందరూ చూసినవే. అలా పెట్టినవాళ్లలో మా వ్యాపారంలో ఉన్నవాళ్లు తీసుకొచ్చినవాళ్లే ఎక్కువ.

చివరికి వెళ్లి నాయక్‌నే అడిగాను. మా ఆవిడ వైపూ మాట్లాడలేదు, నా వైపూ మాట్లాడలేదు. రమ్మనండి, కానీ ముందు చెప్పి రమ్మనండి, కోతలప్పుడు వద్దు, తాగి రావద్దు అన్నాడు. డబ్బు మాట ఎత్తితే ఊళ్లో కూర్చుని మాట్లాడుకోవాలన్నాడు. ఇంకా మాట్లాడుకోలేదు.

కాబట్టి నా నిర్ణయం ఇది. ఆ రాత్రిని నా ధరల పట్టికలో పెట్టను. ఊరివాళ్లు కూర్చుని, తామే రెండు గదులు కట్టుకుని, ధర తామే చెబితే, అడిగినవారికి దారి చూపిస్తాను. కమిషన్ తీసుకోను. అంతవరకు ఎంత ఇస్తామన్నా ఆ పేరు నా నోట రాదు. మా ఆవిడ దీన్ని మొండితనం అంటోంది. అయి ఉండవచ్చు.

మిగిలినవన్నీ ఎప్పటిలాగే నడుస్తాయి. మాచ్‌ఖండ్ దగ్గర దుడుమ జలపాతం, గుప్తేశ్వరం సున్నపురాయి గుహ, కొలాబ్ ఒడ్డున నడక యథాతథం. శివరాత్రికి గుప్తేశ్వరం మాత్రం తీసుకెళ్లను. ఆ జనంలో మీ పిల్లలను నేను చూసుకోలేను. దేవమాలికి రాత్రి సిమిలిగుడ లాడ్జిలో పడుకుని, తెల్లవారుజామున బయల్దేరి, చివరి భాగం నడిచి ఎక్కుతాం. బస ఖర్చు తగ్గింది కనుక ధరా తగ్గించాం. వేరేవాళ్లతో గుడారాల్లో ఉండేందుకు వెళ్లేవారు ఉంటే నాకేం అభ్యంతరం లేదు. పడుకునే ముందు పైకప్పు లోపలి కుట్టు మీద గోరుతో ఒకసారి గీకి చూసుకోండి.

కొత్త గుడారాల కోసం ఇక ఎవరికీ ఆర్డరు ఇవ్వలేదు. జయపురంలో లారీలకు టార్పాలిన్లు కుట్టే దర్జీ ఒకడు ఒకటి కుట్టి చూస్తానన్నాడు. అది వచ్చే వానాకాలమంతా మా డాబా మీదే ఉంటుంది. నిలిస్తే కార్తీకానికి మీకు చెబుతాను.

తెల్లవారుజాము నడకకు వచ్చేవారు రెండు రోజుల ముందే చెప్పండి, లాడ్జిలో గదులు తక్కువ. ఉన్ని టోపీ, తడిస్తే మార్చుకోవడానికి ఒక జత బట్టలు తప్పకుండా ఉండాలి. జీపు మూడున్నరకు కదులుతుంది. ఆలస్యంగా లేచేవారి కోసం ఆగదు. ఈ ఒక్క విషయంలో మా ఆవిడ కూడా నా వైపే.