లోను ఫైలు పెట్టే ముందు మీ చేతిలో ఎంతుందో చూద్దాం

మా దగ్గర హోమ్ లోను ఫైలు పెట్టేవాళ్లకు ఒక మార్పు చెప్పాలి. మొదటి ఇల్లు కొంటున్నవాళ్ల ఫైలు ఇకపై మీ ఆదాయం, ఖర్చుల లెక్కల కాగితం చూడకుండా బ్యాంకులో లాగిన్ చేయం, అంటే దరఖాస్తు పెట్టం. ఇంకో సంగతి కూడా మీకు తెలిసుండాలి. బ్యాంకు మాకు కమిషన్ ఇచ్చేది లోను డబ్బు విడుదలయ్యాకే. 'ఒక ఏడాది ఆగండి' అంటే మాకు రూపాయి రాదు. మేమైనా, ఇంకే ఏజెంటైనా 'మీకు ఇంత ఎలిజిబిలిటీ ఉంది' అన్నప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకుని వినండి.

బ్యాంకుకు మీ జీతం, సిబిల్‌లో (మీ లోన్లు, కార్డుల రికార్డులో) ఉన్న అప్పులు కనిపిస్తాయి. చిట్టీ వాయిదా, చేబదులు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది కనిపించవు. అవి మీరే కాగితం మీద రాయాలి.

హైదరాబాద్‌లో 60 లక్షల రెడీ ఫ్లాట్ అనుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోనుకు ఆస్తి విలువలో 80 శాతమే ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు పరిమితి. అంటే లోను 48 లక్షలు, మీది 12 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే 4.5 లక్షలు, ఈ విలువలో కలవదు, అదీ చేతిలోంచే. ఇక్కడికే 16.5 లక్షలు. ఆపైన ప్రాసెసింగ్ ఫీజు, అసోసియేషన్ కార్పస్ (అపార్టుమెంటు నిధికి ఒకేసారి కట్టేది), కబోర్డులు, సామాను మార్పిడి. ఇవన్నీ పోయాక ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐ బ్యాంకులో మిగలకపోతే ఇంకా సమయం కాలేదన్నట్టే. ఆ 12 లక్షల కోసం పర్సనల్ లోను తీసుకుంటే దాని ఈఎంఐ సిబిల్‌లో పడి, వచ్చే హోమ్ లోను మొత్తమే తగ్గుతుంది. కట్టుబడి నడుస్తున్న ఫ్లాటైతే మామూలుగా 5 శాతం జీఎస్టీ కూడా కలుపుకోండి.

అమ్మేవాళ్లు 'కాగితంలో 45 రాద్దాం, 15 క్యాష్ ఇవ్వండి' అంటే రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని సంబరపడకండి. లోను 36 లక్షలకు పడిపోతుంది. 12 లక్షలకు బదులు 24 లక్షలు మీరే తేవాలి. పైగా స్థిరాస్తికి 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం.

ఇక ఈఎంఐ. 48 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలకు సుమారు 41,650. ఫ్లోటింగ్ వడ్డీ (మధ్యలో మారే వడ్డీ) 9.5కి పెరిగిందనుకోండి. ఈఎంఐ పెంచకుండా వదిలేస్తే మొదటి నుంచే ఆ రేటు ఉందనుకుని లెక్కేస్తే 20 ఏళ్ల లోను 25 ఏళ్లు దాటిపోతుంది. వడ్డీ మారిందని బ్యాంకు మెసేజ్ వచ్చినప్పుడు చూసుకోరు, అసలు గొడవ అదే.

కట్టగలరో లేదో తేలాలంటే ఆరు నెలలు కట్టి చూడడమే. ఇప్పుడు అద్దె 16 వేలు, రాబోయే మెయింటెనెన్స్ 3 వేలు అనుకుంటే, ఈఎంఐకి మెయింటెనెన్స్ కలిపి అద్దె తీసేస్తే తేడా 28,650. జీతం పడిన మర్నాడే అంత మొత్తం ఆర్డీకి (రికరింగ్ డిపాజిట్‌కి) వెళ్లేలా పెట్టండి. ఆ ఆరు నెలల్లో జూన్ తప్పకుండా ఉండాలి. స్కూలు ఫీజుల నెలలో ఆర్డీ ఆగితే ఈఎంఐ కూడా ఆగుతుంది. కార్డు మీద గీకి ఆర్డీ నడిపితే లెక్కలోకి రాదు.

ఇల్లు నచ్చగానే అడ్వాన్సు ఇచ్చేస్తారు, చాలామందికి దెబ్బ తగిలేది అక్కడే. ఆస్తి కాగితాలు లీగల్‌గా సరిగా లేకనో, బ్యాంకు కట్టిన విలువ (వాల్యుయేషన్) తక్కువ వచ్చో లోను రాకపోతే అడ్వాన్సు ఇన్ని రోజుల్లో తిరిగివ్వాలని అగ్రిమెంటులో రాయించుకోండి. దానికి ఒప్పుకోకపోతే అడ్వాన్సు ఇవ్వకండి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), అప్రూవ్డ్ ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ జిరాక్సులు ముందే తెండి. పర్మిషన్ లేని పై ఫ్లోరులో ఫ్లాటుకు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ముందే అమ్మే ప్రీ లాంచ్‌కు మేము ఫైలు పెట్టం. రెరా కిందికొచ్చే ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదు.

ఒకేసారి నాలుగు బ్యాంకుల్లో లాగిన్ కూడా చేయం. ప్రతి ఎంక్వైరీ సిబిల్‌లో కనిపిస్తుంది. వచ్చేటప్పుడు మూడు నెలల పే స్లిప్పులు, రెండేళ్ల ఫారం 16, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చుకోండి. వ్యాపారస్తులైతే ఐటీ రిటర్నులు. చిట్టీ పుస్తకం మర్చిపోవద్దు. భార్యాభర్తలిద్దరూ వస్తే మంచిది, ఎందుకంటే చిట్టీల సంగతి తరచుగా ఒకరికే తెలుస్తుంది.