యాసంగి నీళ్లు, ఎండాకాలపు ఉక్క: నీటిపారుదల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర నీటిపారుదల శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద వరి పండించే కుటుంబం మాది. కాలువ నీళ్లు, బోర్లకు ఉచిత విద్యుత్తు లేకపోతే మా ఊళ్లో యాసంగి పంటే లేదు. కనుక నీళ్లు తగ్గించమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ నీళ్లు ఆవిరై గాలిలో కలిశాక మనుషుల మీద చూపే ప్రభావాన్ని కూడా ప్రభుత్వం లెక్కలోకి తీసుకోవాలని కోరుతున్నాను.

నిరుడు మార్చి చివర రెండు థర్మామీటర్లు తెచ్చి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, మిట్టమధ్యాహ్నం ముందు బీడు చెలకలోనూ, తర్వాత గింజ పాలుపోసుకుంటున్న మా మడి గట్టు మీదా పెట్టి చూశాను. పొడి థర్మామీటరు చెలకలో కన్నా గట్టు మీద తక్కువ చూపింది. తడిగుడ్డ చుట్టినది మాత్రం చెలకలో కన్నా గట్టు మీదే ఎక్కువ చూపింది. తడిగుడ్డే ఆరని గాలిలో ఒంటి మీది చెమట ఎలా ఆరుతుంది? ఆ తర్వాత కోతల రోజుల్లో, కల్లంలో వడ్లు ఆరబోస్తున్న మా వదిన చీర చెంగు పొద్దుగూకినా తడిగానే ఉంది. "ఎండకన్నా ఈ ఉక్కనే పానం తీస్తున్నది" అన్నది ఆమె.

లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌళ్ల వేడి కావాలి. నేలను కాల్చవలసిన ఆ వేడి ఆవిరిలోకి చేరుతుంది కనుక ఉష్ణోగ్రత తగ్గుతుంది. అయితే నేల అంతగా వేడెక్కనందున గాలి పైకి లేవడమూ తగ్గి, తేమ మనం మసలే ఎత్తులోనే నిలిచిపోతుంది. ఐఐటీ గాంధీనగర్ శాస్త్రవేత్త నాయకత్వంలో 2020లో వెలువడిన పరిశోధన ప్రకారం, మన దేశంలో ముమ్మరంగా నీరు పారే ప్రాంతాల్లో నేల ఉష్ణోగ్రత 1 డిగ్రీ, గాలి ఉష్ణోగ్రత అర డిగ్రీ తగ్గినా, తేమతో కూడిన వేడి మాత్రం పెరిగింది. దక్షిణాసియాలో 3.7 కోట్ల నుంచి 4.6 కోట్ల మందిపై ఆ ప్రభావం ఉందని ఆ పరిశోధన అంచనా వేసింది.

మైదాన ప్రాంతాల్లో వడగాలుల ప్రకటనకు మాత్రం గరిష్ఠ ఉష్ణోగ్రతే ప్రధాన కొలమానం: అది కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి, లేదా ఏకంగా 45 డిగ్రీలకు చేరాలి. అంటే నీళ్లు పారిన ఆయకట్టులో పొడి థర్మామీటరు కొంత తగ్గినంత మాత్రాన, ప్రమాదం తగ్గకుండానే హెచ్చరిక ఆగిపోవచ్చు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు బలైన సంగతి తమరికి తెలియనిది కాదు. వారిలో ఎక్కువమంది రెక్కాడితేగాని డొక్కాడని వారే.

మండలాల్లోని స్వయంచాలక వాతావరణ కేంద్రాలు ఇప్పటికే తేమను నమోదు చేస్తున్నాయి. ఆ వివరాలను కాలువలకు నీరు వదిలిన తేదీలతో కలిపి పరిశీలించి, తడిగుడ్డ ఉష్ణోగ్రత ఆధారంగా ఆయకట్టు మండలాలకు వేరుగా హెచ్చరికలు ఇప్పించండి. కాలువ నీటిని వంతులవారీగా వదిలే వారబందీని ఆరుతడి సాగుతో, అంటే మడి ఆరాక మళ్లీ తడిపే వరి సాగుతో, ముడిపెట్టండి. పొలంలో పాతిన చిల్లుల గొట్టంలో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడిపితే దిగుబడి పెద్దగా తగ్గదు; నిలువ నీటి నుంచి పుట్టే మీథేన్ తగ్గుతుంది, కాలువ చివరి భూములకూ నాలుగు తడులు అందుతాయి.

రాబోయే యాసంగికి ఎంత ఆయకట్టుకు నీళ్లివ్వాలో నిర్ణయించే తైబందీ ఖరారు చేసే సమావేశానికి వ్యవసాయ, విపత్తు నిర్వహణ శాఖల అధికారులతో పాటు వాతావరణ నిపుణులను కూడా పిలిపించవలసిందిగా వేడుకుంటున్నాను.

ఇట్లు,
కాకతీయ కాలువ ఆయకట్టు రైతు,
కరీంనగర్ జిల్లా